గోకర్ణమా, పాండిచ్చేరా: రెండు నెలలు ఊగిసలాడి చివరికి ఎలా తేల్చుకున్నామంటే

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి వైపు. ఇంట్లో ఐదుగురం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య. అత్తయ్యకి అరవై ఎనిమిది, రెండు మోకాళ్లూ నొప్పులే, మెట్లు ఎక్కడం కన్నా దిగడమే ఆవిడకి కష్టం. 2024 దసరాకి ఎక్కడికీ వెళ్లలేదు, పిల్లలు ఒకటే గోల, సముద్రం సముద్రం అని. సరే డిసెంబర్ సెలవుల్లో వెళ్దాం అనుకున్నాం. అది చివరికి జనవరి అయింది, ఎందుకయిందో చెప్తా.

నేను పుట్టి పెరిగింది బాపట్ల దగ్గర. చిన్నప్పుడు కార్తీకమాసం వచ్చిందంటే సూర్యలంక వెళ్లాల్సిందే, కాబట్టి సముద్రం అంటే నాకు పొద్దున్నే చలిలో వణుక్కుంటూ నీళ్లలో దిగడం, ఎదురుగా సూర్యుడు పైకి రావడం. మా ఆయన వాళ్లది హిందూపురం వైపు. ఆయన మొదటిసారి సముద్రం చూసింది ఇంజనీరింగ్ చదివేటప్పుడు. అత్తయ్య అయితే జన్మలో ఒకే ఒక్కసారి చూశారు, రామేశ్వరంలో.

మా దగ్గర చివరికి మిగిలినవి రెండు పేర్లు, తూర్పు తీరంలో పాండిచ్చేరి, కర్ణాటక పడమటి తీరంలో గోకర్ణం. గోవా నాకు ఇష్టం లేదు, డిసెంబర్‌లో ఆ రేట్లు మన వల్ల కాదు. వైజాగ్ అంటే ఇక్కడి నుంచి రైలు ప్రయాణానికే సెలవులన్నీ అయిపోతాయి.

నేను మొదట్నుంచీ పాండిచ్చేరి వైపే. మొత్తం సుమారు 310 కిలోమీటర్లు, మన కారులోనే వెళ్లొచ్చు, కృష్ణగిరి దాకా హైవే, అక్కడి నుంచి చెంగం, తిరువణ్ణామలై, జింజీ, తిండివనం మీదుగా రోడ్డు. మధ్యలో అరుణాచలం తగులుతుంది కాబట్టి అత్తయ్యకి దర్శనం కూడా అయిపోతుంది, గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు ఆవిడ నడవలేరు కానీ దర్శనం చాలు కదా అని నా లెక్క. పైగా ఊళ్లో అంతా చదునైన వీధులు, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బీచ్ రోడ్డు మీద బండ్లు రానివ్వరు, పిల్లలు పరిగెత్తినా భయం లేదు. ఆ పసుపు గోడల ఫ్రెంచి వీధులు కూడా చూడాలని నాకెప్పటి నుంచో ఆశ. మన యానాం కూడా పాండిచ్చేరి కిందే కదా, గోదావరి పక్కనున్న ఊరికి రాజధాని అంత దూరాన ఉంటే ఆ రాజధాని ఎలా ఉంటుందో అని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

మా ఆయన గోకర్ణం అన్నారు. సుమారు 490 కిలోమీటర్లు. నేను అస్సలు ఒప్పుకోలేదు, అంత దూరం కారులో నాలుగేళ్ల పిల్లాడితో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో ఎలా అని. అప్పుడాయన చెప్పింది, కారు అక్కర్లేదు, పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఉంది, సాయంత్రం మెజెస్టిక్ స్టేషన్‌లో ఎక్కితే పొద్దున గోకర్ణ రోడ్ స్టేషన్‌లో దిగుతాం, రాత్రంతా పడుకునే వెళ్తాం, అమ్మకి కాళ్లు చాపుకోడానికి ఉంటుంది అని. అది మాత్రం ఆలోచించాల్సిన మాటే అనిపించింది. కారులో ఆరేడు గంటలు కాళ్లు మడిచి కూర్చోవడం కన్నా రైల్లో పన్నెండు గంటలు పడుకోవడమే మోకాళ్లకి మేలు. దూరం కిలోమీటర్లలో చూడకూడదు, ఎలా కూర్చుని వెళ్తామో చూడాలి. నాకది అప్పటిదాకా తట్టలేదు.

అయినా నేను పాండిచ్చేరిలోనే హోటల్ బుక్ చేసేశా, ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది చూసి. చేశాక చెన్నైలో ఉండే మా పిన్ని కూతురికి ఫోన్ చేస్తే అది అడిగిన మొదటి మాట, "అక్కా, పిల్లలు ఇసుకలో ఆడాలా, ఊరికే సముద్రం చూస్తే చాలా?" అని. ఇసుకలోనే కదా ఆడేది అన్నా. అప్పుడు చెప్పింది, పాండిచ్చేరి ఊళ్లో ఉన్న బీచ్‌లో చాలా చోట్ల ఇసుక లేదు, నల్ల రాళ్లే అని. నేను నమ్మలేదు, తర్వాత చదివితే నిజమే. తూర్పు తీరంలో అలలతో పాటు ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుందంట. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బర్ కట్టి సముద్రంలోకి గోడలు వేస్తే ఆ ఇసుక అక్కడే ఆగిపోయింది, ఉత్తరాన ఉన్న ఊరి బీచ్‌కి కొత్త ఇసుక రాలేదు, ఉన్నది కోసుకుపోయింది, రోడ్డు కొట్టుకుపోకుండా రాళ్లు పోశారు. తర్వాత నీళ్ల అడుగున ఒక దిబ్బలాగా కట్టాక కొద్దిపాటి చోట ఇసుక మళ్లీ చేరింది. ఒక గోడ కడితే కిలోమీటర్ల అవతల ఇంకో ఊరికి ఇసుక ఆగిపోతుందని తెలిసి నిజంగా బాధేసింది. మా సూర్యలంక అంత వెడల్పు ఇసుక ఎప్పుడూ ఉండేదే అనుకుంటూ పెరిగాన్నేను.

ఇసుక కావాలంటే చున్నాంబార్ దగ్గర బోటెక్కి ప్యారడైజ్ బీచ్‌కి వెళ్లాలి, లేదా సెరెనిటీ బీచ్, లేదా చిన్న వీరాంపట్టణం దగ్గర ఈడెన్ బీచ్, దానికి 2021లో బ్లూ ఫ్లాగ్ అని శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. అంటే ప్రతిసారీ కారు తీసి బయల్దేరాలి. పిల్లలు సముద్రం చూశాక మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మళ్లీ పొద్దున్నే ఒకసారి వెళ్దాం అంటారు. దగ్గర్లోని ఆరోవిల్‌లో మాతృమందిరం అనే ధ్యానమందిరం లోపలికి పదేళ్ల లోపు పిల్లల్ని పంపరు, ముందే బుకింగ్ కూడా ఉండాలి, కాబట్టి మాకు అది బయట నుంచి చూడడమే. అయినా నేను ఇంకా పాండిచ్చేరి వదల్లేదు.

అప్పుడు తుఫాను వచ్చింది. నవంబర్ 30 రాత్రి ఫెంగల్ పాండిచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల దాకా వాన. మర్నాడు తిరువణ్ణామలై కొండ మీద నుంచి రాళ్లూ మట్టీ ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు, అందులో పిల్లలున్నారు. కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో రోడ్డు మీద బళ్లు నీళ్లలో కొట్టుకుపోతున్న వీడియోలు చూశాం. అవన్నీ మేం వెళ్దామని మ్యాప్‌లో గీసుకున్న ఊళ్లే, ఒక్కొక్క పేరూ వార్తల్లో వింటుంటే ఎలాగో అయిపోయింది. మా చెల్లికి ఫోన్ చేసి వాళ్లు బాగానే ఉన్నారని తెలిశాకే కుదుటపడ్డా. తర్వాత హోటల్ క్యాన్సిల్ చేశా. మనకి వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ కానీ ఆ తీరానికి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలు. స్కూల్లో చదివిందే, బుకింగ్ చేసేటప్పుడు గుర్తు రాలేదు. పడమటి తీరం దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం దగ్గరికి వెళ్లకూడదు, డిసెంబర్ జనవరిల్లో ఆకాశం తేటగా ఉంటుంది.

సరే గోకర్ణం అని మా ఆయన డిసెంబర్ మొదటి వారంలో టికెట్లు చూస్తే క్రిస్మస్ సెలవులకి అన్నీ వెయిటింగ్ లిస్టే. సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారం, శుక్రవారం సాయంత్రం రైలుకి దొరికాయి. పాపకి సోమ, మంగళవారాలు స్కూల్ మాన్పించాలి, సరే అనుకున్నాం. టికెట్లు తీసుకునేవాళ్లకి ఒక మాట. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి, అరవై దాటిన మగవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, కానీ ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే అది వర్తిస్తుంది, కుటుంబం మొత్తం ఒకే టికెట్ మీద చేస్తే రాదు. మేం అత్తయ్య టికెట్ వేరేగా ఆ కోటాలో చేశాం, అదృష్టం బాగుండి మా బోగీలోనే వచ్చింది.

టికెట్లు తీసుకున్న తర్వాత డిసెంబర్ 10న మురుడేశ్వరలో స్కూల్ ట్రిప్‌కి వచ్చిన నలుగురు అమ్మాయిలు సముద్రంలో మునిగిపోయారు. కోలారు జిల్లా పిల్లలు. అక్కడ కొన్నాళ్లు బీచ్‌లోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. గోకర్ణానికి ఆ ఊరు ఎనభై కిలోమీటర్ల లోపే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పాపకి నీళ్లంటే పిచ్చి, మాట వినదు. ఏవండీ, ట్రిప్పే వద్దు అన్నా. రెండు రోజులు ఇంట్లో దీని మీదే మాటలు.

నాకు అప్పుడు మా తాతయ్య గుర్తొచ్చారు. సూర్యలంకలో ఆయన మమ్మల్ని నీళ్లలోకి దించే ముందు ఒక పది నిమిషాలు ఒడ్డునే నిలబెట్టి అలలు చూపించేవారు. "అల ఇరగని చోట నీళ్లు నెమ్మదిగా కనపడతయ్యే, అక్కడే లోపలికి లాగుద్ది, అటు పోబాకండి" అనేవారు. అందరం ఎగిసిపడే అలని చూసి భయపడతాం, రెండు అలల మధ్య ప్రశాంతంగా ఉన్న సందులోకి దిగుతాం. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ సముద్రంలోకి పోయే దారి ఆ సందే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒళ్లు అలిసిపోతుంది, ఒడ్డు వెంబడే పక్కకి ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకి రావాలి. సముద్రం ఏ ఊళ్లో అయినా సముద్రమే, పాండిచ్చేరి అయినా ఇదే భయం. అందుకని నియమాలు పెట్టుకున్నాం. లైఫ్‌గార్డు ఉన్న చోటే, మోకాళ్ల దాకానే, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద చెయ్యి, ఆ చెయ్యి ఫోన్ పట్టుకోకూడదు. పాపకి వారం ముందు నుంచే చెప్పాం, ఒప్పుకుంటేనే వెళ్దాం అని.

ఇంత జరిగినా అత్తయ్యని మాత్రం ఎవ్వరం అడగలేదు. అడిగితే "యాడికైనా సరేలేమ్మా, మీరు యాడికి పోతే ఆడికే" అంటారు కదా అని. ఒకరోజు రాత్రి చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు ఊరికే అడిగా, అత్తయ్యా మీరు రామేశ్వరంలో ఎన్ని రోజులున్నారు అని. ఆవిడ చెప్పారు. "రోజులా? ఊరోళ్లందరం బస్సులో పోతిమి. దేవుణ్ని చూసుకుని సముద్రం కాడికి పోయేలోగా టైమాయ. ఇట్ల మునిగి అట్ల లేసినానో లేదో, గబగబా రండి రండి అని బస్సోడు కేకలు. తడి చీరతోనే బస్సెక్కితి. ముప్పై ఏండ్లాయ. ఈసారి నాకు ఊరికే కూర్చోవల్ల, ఎవురూ లెయ్యమనగూడదు."

నేను రెండు నెలలుగా వేసిన లెక్కల్లో ఈ మాట ఎక్కడా లేదు. రూమ్ నుంచి ఆవిడ తనంతట తాను నడిచి సముద్రం దగ్గరికి వెళ్లి, ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుని, మళ్లీ తనంతట తాను రావాలి. కారు తియ్యాల్సిన చోటయితే మా టైమ్ ప్రకారం లేవాల్సిందే. ఇంకో సంగతి, హిందూపురం వైపు వాళ్లు కాబట్టి అత్తయ్యకి కన్నడం తెలుగంత బాగా వచ్చు. పాండిచ్చేరిలో ఆవిడ ఎవరితో మాట్లాడతారు? గోకర్ణంలో అయితే పువ్వులమ్మే ఆవిడతో కూడా కబుర్లు చెప్పగలరు. నా మనసు అప్పుడు నిజంగా గోకర్ణానికి మారింది, అప్పటిదాకా టికెట్లు ఉన్నాయని ఒప్పుకున్నానంతే.

ఇక రూమ్ వెతకడం. ఫొటోల్లో మెట్లు కనపడవు, ఇది బాగా గుర్తుంచుకోండి. గోకర్ణంలో అందరూ చెప్పే ఓం బీచ్, కుడ్లే బీచ్ రెండూ కొండ కింద ఉంటాయి, బండి పైన ఆపి మెట్లో వాలు దారో దిగాలి. హాఫ్ మూన్, ప్యారడైజ్ బీచ్‌లకయితే కొండ దారిలో నడవాలి లేదా బోటు. గుడి దగ్గరున్న మెయిన్ బీచ్ ఒక్కటే ఊరితో సమానంగా చదునుగా ఉంటుంది. ఒక చోట "బీచ్‌కి రెండు నిమిషాలు" అని రాసుంటే ఫోన్ చేసి మెట్లెన్ని అని అడిగా, ఒక ఎనభై ఉంటాయి మేడమ్ అన్నాడు. ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేసినా నావి నాలుగే ప్రశ్నలు. మొత్తం ఎన్ని మెట్లు, కింది ఫ్లోర్‌లో రూమ్ ఉందా, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, పొద్దున్నే వేణ్ణీళ్లు వస్తాయా. ఏడో ఫోన్‌కి దొరికింది, మెయిన్ బీచ్ వెనక సందులో ఒక ఇల్లు, కింద రెండు గదులు, గది 1,800. ఇంటావిడతో అత్తయ్యే కన్నడంలో మాట్లాడారు, ఫోన్ పెట్టేసరికి ఇద్దరూ మోకాళ్ల నూనె దాకా వచ్చేశారు.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సకలేశపుర దాటాక ఘాట్ అంతా చీకట్లోనే అయిపోతుంది, లోయలూ సొరంగాలూ చూడాలనుకునేవాళ్లు పగటి రైలు ఎక్కాలి. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు, వంతెనలు, వెడల్పాటి నదులు. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటో.

శనివారం గుడి. అత్తయ్య ముందు గణపతి దగ్గరికే తీసుకెళ్లమన్నారు, ఆ గణపతి తల మీద రావణుడు మొట్టిన గుంట ఉందని చెప్తారు. రావణుడు ఆత్మలింగం తెస్తుంటే గణపతి పిల్లాడి వేషంలో వచ్చి నేల మీద పెట్టేశాడు, రావణుడు ఎంత పీకినా రాలేదు, మెలిపడి ఆవు చెవిలాగా అయింది, అందుకే గోకర్ణం. ఆ కథ ఆవిడ పిల్లలకి క్యూలో నిలబడే చెప్పారు. మావాడు అయితే "పిల్లాడే గెలిచాడా?" అని ఐదుసార్లు అడిగాడు. మహాబలేశ్వరుడి గుళ్లో మగవాళ్లు చొక్కా విప్పి పంచెతో వెళ్లాలి, బయల్దేరేటప్పుడే పంచె పెట్టుకోండి. లింగం పైకి కనపడదు, పీఠం మధ్యలో ఉన్న రంధ్రంలో వేళ్లు పెట్టి తాకాలి. అత్తయ్య తాకి బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

మెయిన్ బీచ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, గుడి వైపు చివర అంత శుభ్రంగా లేదు, పువ్వులు, ప్లాస్టిక్, జనం. ఉత్తరం వైపు ఓ పది నిమిషాలు నడిస్తే ఇసుక బాగుంటుంది, జనం పలచబడతారు. పిల్లలు రోజుకి మూడుసార్లు వెళ్లారు. లైఫ్‌గార్డు రెండుసార్లు విజిల్ వేశాడు, మా వాళ్ల కోసం కాదు, లోపలికి పోతున్న కాలేజీ కుర్రాళ్ల కోసం. ఆదివారం మా ఆయన, నేను వంతులేసుకుని పిల్లల్ని ఓం బీచ్‌కి తీసుకెళ్లొచ్చాం, పైనుంచి చూస్తే నిజంగానే ఓంకారంలాగా రెండు వంపులు. అందంగా ఉంది, కానీ ఆ మెట్లు దిగుతూ నేను అత్తయ్యని తేకపోవడమే మంచిదయిందనుకున్నా. భోజనం సంగతి, పొద్దున నీర్ దోసె, అరటిపండు కలిపి పూరీల్లా చేసే మంగళూరు బన్స్, పాపకి ఆ బన్స్ ఎంత నచ్చాయంటే ఇంటికొచ్చాక అరటిపండ్లు మాగబెట్టి నేనే చెయ్యాల్సి వచ్చింది.

ఫ్రెంచి వీధులు నాకింకా మిగిలే ఉన్నాయి, ఫిబ్రవరి చివరో మార్చిలోనో వెళ్లాలి, వానలు పోయి ఎండలు ముదరక ముందు.

శనివారం సాయంత్రం మాత్రం నేను మర్చిపోలేను. నా జీవితంలో సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే చూశా, సముద్రంలోకి దిగడం చూడలేదు. ఇంటావిడ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది, దాన్ని తీసుకెళ్లి ఇసుకలో అలలు వచ్చి పాదాలు తడిపేంత దగ్గర వేశాం. అత్తయ్య అయిదింటికి కూర్చున్నారు. ఆరుంబావు దాటాక సూర్యుడు ఎర్రగా ఒక్క గీత మిగిలి అదీ పోయింది. జనం లేచి వెళ్లిపోయారు. బాబు నా ఒళ్లో నిద్రపోయాడు, మా ఆయన పాపని తీసుకుని రూమ్‌కి వెళ్లారు. దోమలు మొదలయ్యాయి, నాకు లేద్దామని నోటి దాకా వచ్చింది, ఆగిపోయా. ఏడున్నరకి అత్తయ్యే చీర కుచ్చిళ్లు దులుపుకుని "ఇంక పోదాం పా, రేపు పొద్దున్నే మునగల్ల" అని లేచారు.